ఒక్క దీర్ఘం తేడా

జ్ఞానప్రసూనాంబ అన్నది తండ్రి ముచ్చటపడి పెట్టుకున్న పేరు. అంత పొడుగు పేరు పూర్తిగా పలికే ఓపిక నూజివీడులో ఎవరికుంది? అందరికీ ఆవిడ ప్రసూనమ్మ గారే. కోవెల వెనక వీధిలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేది. ఏడాదిలో పది నెలలు అప్పడాలు ఒత్తుకుంటూ, పిండివంటలు చేసిపెడుతూ గడిపేది. వైశాఖం వచ్చిందంటే మాత్రం ఇంట్లో నిలిచేది కాదు. ఇటు రెడ్డిగూడెం నుంచి అటు జి. కొండూరు దాకా మామిడి తోటలున్న ఇళ్లన్నిటికీ ఆవకాయ ఆవిడే కలపాలి. ఉప్పూ కారం పాళ్లు చెయ్యి చెబుతుందనేది. ఎవరైనా కొలతకి గిన్నె తెచ్చిస్తే ఆవిడకి ఒళ్లు మండేది. కొలిచి కలిపేదాన్ని పచ్చడి అనరు, మందంటారు అనేది.

ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. పిల్లల్లేరు. తండ్రి అర్చకత్వం చేసినన్నాళ్లూ ఆయన నీడన రోజులు వెళ్లిపోయాయి. ఆయనా పోయాక ఆ రెండు గదులూ, ఒక గోడ గడియారమూ మిగిలాయి. ఒక్క మనిషికి వంటెంత, గిద్దెడు బియ్యం. అన్నం గిన్నె కడిగి బోర్లిస్తే వంటిల్లు సర్దేసినట్టే. ఊళ్లో ఆవిణ్ణి కాదనే మనిషి లేడు, అలాగని పొద్దుగూకాక ఆ గుమ్మం ఎక్కే మనిషీ లేడు. పలకరించడానికి ఎవరూ లేక గడియారంతో మాట్లాడేది. "ఏడయిందీ, సరే" అని పైకే అనుకునేది.

ఇలాంటి మనిషికి లోకం వేసే ప్రశ్న ఒక్కటే. బస్సు కండక్టరు, రేషను షాపువాడు, పచ్చళ్లు పెట్టించుకునే ఇళ్లలో కొత్త కోడళ్లు, అందరిదీ అదే పాట. తోడెవరండీ, ఇంట్లో తోడు ఉందా అని. "లేదండీ" అని ఆవిడ జవాబు. ముప్ఫై ఆరేళ్లు వాడి వాడి నున్నబడ్డ మాట అది. ఎంత చురుగ్గా వచ్చేదంటే, అడిగినవాళ్లే మొహం చెల్లక మాట మార్చేవాళ్లు. బాధపడేదా అంటే, పడేది. ఎందుకు పడదు? ఎవరు నోరు తెరిచినా ఆ ప్రశ్నే వస్తుందని ఆవిడ చెవులు ముందే కాచుకుని కూర్చునేవి. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ప్రసూనమ్మ గారికి తొడ లేదు. నవ్వకండి. పాదం ఉంది, చీలమండ ఉంది, పిక్క ఉంది, మోకాలుంది, ఆపైన ఏకంగా నడుమే. మధ్యలో ఉన్న మూరెడు మేరకి ఆవిడ భాషలో పేరు లేదు, అదంతా కాలే. దీనికో కారణం ఉంది. చిన్నప్పుడు బళ్లో ఎక్కం తప్పు చెప్పిందని మాష్టారు తొడపాశం పెట్టాడు. పరికిణీ మీంచే మెలితిప్పి గిల్లితే రూపాయి బిళ్లంత మేర కమిలిపోయింది. ఏడుస్తూ ఇంటికొచ్చి, వసారాలో తండ్రితో పాటు నలుగురు మగవాళ్లు కూర్చుని ఉండగా, తొడ మీద గిల్లారని చెప్పేసింది. తల్లి లోపలికి లాక్కెళ్లి మూతి మీద ఒక్కటిచ్చింది. ఆడపిల్ల ఆ మాట అనకూడదు, కాలు అనాలి అంది. మాష్టారి గిల్లుడు వారంలో మానింది కానీ తల్లి కొట్టిన దెబ్బ యాభై ఏళ్లయినా మానలేదు.

విడ్డూరమేమిటంటే, ఏటా వినాయక చవితికి అంగపూజ చేస్తూ పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో అవయవానికీ ఒక్కో పువ్వు వేసుకుంటూ వచ్చేది. మోకాలు దాటాక "ఊరూ పూజయామి" అని గంట కొట్టినట్టు పలికేది. ఊరువంటే తొడే కదా మరి. సంస్కృతంలో దేవుడి తొడకి పూజ, తెలుగులో తన తొడకి పేరే లేదు.

ఎనభై ఆరు వేసవిలో రెడ్డిగూడెం సుబ్బరత్నమ్మ గారింట్లో ఆవకాయ పెడుతున్నారు. సుబ్బరత్నమ్మ గారంటే నలభై ఎకరాల తోట ఆసామి, ఇంట్లో భర్త ఉన్నా పెత్తనం ఆవిడదే. ఆ పొద్దున కాయలు కడిగిన నీళ్లు పెరట్లో నాపరాళ్ల మీద నిలిచిపోయాయి. మడిబట్ట కట్టుకుని, తుడిచిన ముక్కల పళ్లెం పట్టుకుని వస్తున్న ప్రసూనమ్మ గారి కాలు సర్రున జారింది. ఎడమ పక్కకి కూలబడింది. పళ్లెం ఒక వైపు, ముక్కలు నాలుగు వైపులా పోయాయి.

పెరటి గోడవతల నుంచి పరుగెత్తుకొచ్చి లేపింది సవరమ్మ. సవరమ్మ ఆ తోటలోనే కాయలేరే మనిషి. పేటలో ఉంటుంది, ఆదివారం ప్రార్థనకి వెళుతుంది. ఇరవై వేసవులుగా ఆవకాయ కాయల గంప పెరటి గుమ్మం దాకా తెచ్చి, మడి మనిషికి తగలకుండా అక్కడే దించి వెళుతుంది. మధ్యాహ్నం కొత్తావకాయ కలిపిన అన్నం ముద్ద ఆకులో పెట్టి ప్రసూనమ్మ గారు గోడ మీద ఉంచేది. గోడకి ఇవతల ఒకరు, అవతల ఒకరు కూర్చుని ఏడాదికి సరిపడా మాట్లాడుకునేవాళ్లు. ఎవరింట్లో ఏ కోడలు ఎలాంటిదో, ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుందో, మొగుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో అన్నీ ఆ గోడకి తెలుసు. దాన్ని స్నేహమని ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

సవరమ్మ ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కడ నొప్పి అని అడిగింది. మోకాలు అంది ప్రసూనమ్మ గారు. అది అబద్ధమూ కాదు, నొప్పి నిజంగా మోకాల్లోకే దిగుతోంది. సవరమ్మ మోకాటిచిప్ప చుట్టూ నొక్కి చూస్తే ఏమీ లేదు. చెయ్యి పైకి పోనిచ్చి గజ్జ దగ్గర వేలు పెట్టేసరికి ఆవిడకి ప్రాణం లేచిపోయినంత పనయింది. సవరమ్మ మొహంలో రంగు మారింది.

"మా రాయప్పా మోకాలే అన్నాడమ్మగారూ" అంది. "మోకాలికే నూనెలు రాశాం. ఇరిగింది తొడ మొదట్లో. డాక్టరుగారితో మోకాలని చెప్పకండి, తొడని చెప్పండి."

చిన్నరాయప్ప సవరమ్మ మొగుడు. తొమ్మిదేళ్ల కిందట కాయ కోస్తూ చెట్టు మీంచి పడ్డాడు. మళ్లీ లేచి నడవలేదు, మంచంలోనే పుళ్లు పడి రెండేళ్లకి పోయాడు. తుంటి మీద కొడితే మూతి పళ్లు రాలాయన్న సామెత వినేవాళ్లకి నవ్వులాట గానీ, సవరమ్మకి కాదు. ఆవిడ ఆ మాట నాలుగుసార్లు చెప్పింది. ప్రసూనమ్మ గారు నాలుగుసార్లూ తల పక్కకి తిప్పుకుంది. పరాయి మగవాడి ముందు కూర్చుని ఆ మాట ఎలా అంటాం అనుకుంది.

కాయలు మార్కెట్టుకి తీసుకెళ్లే వ్యానులోనే నూజివీడు పంపించారు. ముందు సీట్లో ప్రసూనమ్మ గారు, వెనక గంపల మధ్య సవరమ్మ. బస్టాండు దగ్గర ఒక చిన్న ఆసుపత్రి ఉంటే సవరమ్మ అందులోకి తీసుకెళ్లింది. సవరమ్మ రెక్క పట్టుకుని, సగం బరువు తనే మోసి, డాక్టరు గది గుమ్మం దాకా తెచ్చింది. అక్కడ ఆగిపోయింది. రమ్మని ఈవిడా అనలేదు, వస్తానని ఆవిడా అనలేదు.

లోపల డాక్టరు రామచంద్రమూర్తి కుర్రవాడు, వచ్చి రెండు నెలలయింది. ఎండాకాలం వాంతులూ విరేచనాల జనంతో వరండా నిండిపోయి ఉంది. ప్రసూనమ్మ గారు చీర కాలివేళ్ల దాకా లాక్కుని కూర్చుంది. మోకాలు అంది. ఆయన మోకాలు నొక్కాడు, వంచి చూశాడు, వాపు లేదే అన్నట్టు కనుబొమ్మలు ముడిచాడు. పైకి పరీక్ష చెయ్యాలని చెయ్యి కొంచెం ముందుకొచ్చింది గానీ ఆవిడ చీర గుప్పిట్లో బిగించడం చూసి వెనక్కి తీసుకున్నాడు. మర్యాదస్తుడు. గొంతు బాగా తగ్గించి, మొహమాటపడుతూ ఏదో అడిగాడు. నెత్తిన ఫ్యాను టకటకా కొట్టుకుంటోంది. బయట బస్సు హారను మోగింది.

"తోడు ఉందా అమ్మా?"

ఆవిడకి వినబడింది అది. గుమ్మం అవతల సవరమ్మ ఈవిడ చేతిసంచి గుండెలకి ఆనించుకుని నిలబడి ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి కూడా. అదుగో ఆ మనిషి ఉందండీ అని చెప్పడానికి ఎంతసేపు? కానీ తోడంటే మనవాళ్లు, మన ఇంటివాళ్లు, మన పంక్తిలో కూర్చునేవాళ్లు. గోడవతలి మనిషిని తోడని చెప్పడం ప్రసూనమ్మ గారికి తట్టనే లేదు. ముప్ఫై ఆరేళ్ల అలవాటు నాలుక మీదికి ముందే వచ్చేసింది.

"లేదండీ."

ఆయన చీటీ మీద ఏదో రాశాడు. మోకాలికి ఎక్స్‌రే తీయించాడు. అందులో ఏమీ లేదు. గుడ్డ చుట్టి, మాత్రలిచ్చి, రెండు వారాలు పెద్దగా తిరగొద్దన్నాడు. గోడ పట్టుకుని ప్రసూనమ్మ గారు బయటికి వచ్చేసరికి బల్ల మీద చేతిసంచి ఒక్కటే ఉంది. సవరమ్మ లేదు. పక్కన కూర్చున్నవాళ్లని అడిగితే, ఇందాకే సంచి పెట్టేసి వెళ్లిపోయిందండీ అన్నారు. రిక్షా కట్టించుకుని ఆవిడ ఒక్కతే ఇంటికి వచ్చింది.

మూడు వారాలు. మొదటి మూడు రోజులు ఇరుగుపొరుగులు కాఫీ తెచ్చారు, తర్వాత ఎవరి పనులు వాళ్లవి. తండ్రి గొడుగు ఊతం చేసుకుని మంచం నుంచి వంటింటికి, వంటింటి నుంచి పెరట్లోకి నడిచేది. తోటల్లో కాయ ముదిరిపోతోంది, ఈ ఏడు పచ్చళ్లు ఎవరు పెడుతున్నారో తెలియదు. నొప్పి మోకాల్లోనే తెలిసేది. దానికంటే ఎక్కువగా, చెబితే నవ్వుతారు, ఆ చేతిసంచి నొప్పి పెట్టేది. మేకుకి తగిలించిన సంచి వైపు చూస్తూ అన్నం తినేది. సవరమ్మ వినే ఉంటుందని తెలుసు. వినకపోయి ఉంటే బాగుండునని మాటిమాటికీ అనుకునేది. "ఎనిమిదయిందీ" అని గడియారానికి చెప్పడం కూడా మానేసింది.

నాలుగో వారం మొదట్లో ఒక పొద్దున పై అర మీంచి చింతపండు జాడీ అందుకోబోతే లోపలెక్కడో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. కింద పడ్డాక చూసుకుంటే ఎడం కాలు కురచై, పాదం బయటికి వాలిపోయి ఉంది. తన కాలు తనది కానట్టు పక్కన పడి ఉంది. పిలిచింది. ఎవర్ని పిలవాలో తెలియక, పేరు లేకుండా ఊరికే పిలిచింది. ఏడు గంటలకి పడితే, పదిన్నరకి నిమ్మకాయలమ్మే ఆవిడ గుమ్మంలో ఆగి, మూలుగు విని లోపలికొచ్చింది. ఆ మూడున్నర గంటలూ గడియారం కొట్టిన ప్రతి గంటా ఆవిడ లెక్కపెట్టింది.

కబురందుకుని సుబ్బరత్నమ్మ గారు కారూ, గుమస్తానీ పంపి విజయవాడ పెద్దాసుపత్రిలో చేర్పించారు. కోతల రోజులు కదా, గుమస్తా చేర్పించి వెళ్లిపోయాడు. వార్డులో ఇరవై మంచాలు. ప్రతి మంచం పక్కనా ఒక చాపా, ఒక క్యారియరూ, ఒక మనిషీ. ప్రసూనమ్మ గారి మంచం చివర మాత్రం ఇసుక సంచి ఒకటి వేలాడుతోంది. కాలు లాగి పట్టి ఉంచడానికి తాడుతో కట్టిన బరువది, ట్రాక్షన్ అన్నారు. ఆవిడ పక్కన కదిలేదల్లా ఆ సంచే.

డాక్టరు అహల్య గారు నడివయసు మనిషి, కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడుతుంది. కొత్త ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూపించింది. తొడ ఎముక పైన గుండ్రంగా ఉన్నదాన్ని తల అంటారనీ, దాని కింద సన్నగా ఉన్నదే మెడ అనీ, విరిగింది ఆ మెడేననీ చెప్పింది. ఫీమర్ మెడ అంటామండీ అంది. ఇది విరిగితే నొప్పి మోకాల్లోకి దిగుతుందనీ, అందరూ మోకాలే పట్టుకుని కూర్చుంటారనీ కూడా అంది. తన ఒంట్లో పేరే లేని చోట ఒక తలా, ఒక మెడా ఉన్నాయని ప్రసూనమ్మ గారికి యాభై ఎనిమిదో ఏట తెలిసింది.

తర్వాత అహల్య గారు నూజివీడు డాక్టరు రాసిన చీటీ తీసి చదివి, కొంచెం విసుగ్గానే అడిగింది. "తొడలో ఉందా నొప్పి అని అడిగితే, లేదని మీరే చెప్పారటగా? చూడండి, రాసి ఉంది."

నన్నెవరూ అడగలేదండీ అనబోయింది ప్రసూనమ్మ గారు. అంతలో ఫ్యాను టకటక గుర్తొచ్చింది. బస్సు హారను గుర్తొచ్చింది. ఆ కుర్రవాడు మొహమాటంతో గొంతు తగ్గించడం గుర్తొచ్చింది. ఆయన అడిగింది తొడ. ఈవిడ విన్నది తోడు. ఒక్క దీర్ఘం తేడా. ఆ దీర్ఘం ఆయన నోట్లో లేదు, ఈవిడ చెవిలోనే ఉంది, ముప్ఫై ఆరేళ్ల నుంచి ఉంది. గుమ్మంలో సవరమ్మకి తొడని వినబడినా, తోడని వినబడినా, ఆ లేదండీ తగిలింది ఆమెకే.

అహల్య గారు చెప్పాల్సింది ఇంకా ఉంది. మెడ విరిగిన ఆ తల తీసేసి లోహపు గుండు అమర్చాలి, గురువారం చేస్తాను. చేస్తే కర్ర పట్టుకుని నడుస్తారు. చెయ్యకపోతే కాలు అలాగే బిగుసుకుపోతుంది, ఇక కూర్చున్నచోటే బతకాలి. అయితే కాగితం మీద సంతకం పెట్టి, ఆపరేషనయ్యాక రెండు వారాలు పక్కనుండి ఎత్తి దించే మనిషి కావాలి. తోడు లేకుండా బల్ల ఎక్కించను, గురువారం దాటితే మళ్లీ ఎప్పుడో చెప్పలేను. ఆ మాట చెప్పింది శుక్రవారం.

నడక లేకపోతే ప్రసూనమ్మ గారికి ఏముంది? ఆ పెరళ్లూ, ఆ గోడా, ఏడాదికి రెండు నెలలు మనిషి గొంతు వినడమూ అన్నీ ఆ కాలు మీదే ఉన్నాయి. ఆ రోజంతా పైకప్పు చూస్తూ పడుకుంది. సాయంత్రం పక్క మంచం మనిషి దగ్గర ఒక కార్డు అడిగి తీసుకుంది. సుబ్బరత్నమ్మ గారి పేర రాయడం మొదలుపెట్టి, ఒక మాట దగ్గర కలం ఆగిపోయింది. యాభై ఏళ్ల కిందట తిన్న దెబ్బ మూతి మీద చురుక్కుమంది. అయినా రాసింది.

"నాకు తొడ ఎముక విరిగింది. ఆ రోజు నూజివీడు డాక్టరు తొడలో నొప్పి ఉందా అని అడిగితే, తోడు ఉందా అన్నట్టు వినబడి లేదన్నాను. తొడ సంగతిలోనూ తోడు సంగతిలోనూ నేను చెప్పింది అబద్ధమే. ఈ ముక్క సవరమ్మకి చదివి వినిపించండి. గురువారం లోపల ఎవరైనా వస్తేనే ఆపరేషను. రమ్మనే మొహం నాకు లేదు. ఆమె ఇష్టం."

శని, ఆది, సోమ, మంగళవారాలు గడిచాయి. సాయంత్రం నాలుగింటికి చూడొచ్చేవాళ్లని వదిలేవారు. ఆ గంటసేపూ వార్డు సంతలా ఉండేది. అందరి దగ్గరికీ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ప్రసూనమ్మ గారు కళ్లు మూసుకుని నిద్ర నటించేది, ఎవరూ జాలిపడకుండా. జవాబు రాలేదు. కోతల్లో కూలి మానుకుని, అంత మాట పడ్డ మనిషి ఎందుకొస్తుంది, నేనైతే వస్తానా అనుకుంది. రానని తనకే తెలిసి ఏడుపొచ్చింది.

బుధవారం నాలుగున్నరకి నర్సు కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికొచ్చింది. రేపటి లిస్టులో పేరు ఉంచాలా కొట్టెయ్యాలా అని అడిగింది. ప్రసూనమ్మ గారు జవాబు చెప్పేలోపు నర్సు చూపు గుమ్మం వైపు పోయింది. అక్కడ సవరమ్మ నిలబడి ఉంది. ఉతికిన చీర, చేతిలో గుడ్డ సంచి. ఆ రోజు నూజివీడులో నిలబడినట్టే, గడపకి అవతల.

నువ్వెవరు, ఈవిడకేమవుతావు అని నర్సు అక్కణ్ణుంచే కేకేసింది.

సవరమ్మ లోపలికి రాలేదు. కోపంగానూ లేదు, మెత్తగానూ లేదు. "నన్నడిగితే ఏం తెలుస్తదండీ" అంది. "ఆరినే అడగండి."

నర్సు కలం పట్టుకుని ఇటు తిరిగింది. సరిగ్గా అప్పుడే పళ్లేల బండి గడగడలాడుతూ మంచాల మధ్యకొచ్చింది. ప్రసూనమ్మ గారు తోడని చెప్పింది గానీ, ఆ చప్పుడులో దీర్ఘం కొట్టుకుపోయింది.

"తొడ సంగతి రేపు డాక్టరుగారు చూస్తారులెండి" అంది నర్సు. "ఈమె ఎవరో చెప్పండి ముందు."

ప్రసూనమ్మ గారు మోచేతుల మీద లేచింది. కాలికి కట్టిన ఇసుక సంచి ఊగింది, నొప్పి మోకాలి దాకా జివ్వున దిగింది. బండి పోయేదాకా ఆగింది. తర్వాత ఇరవై మంచాలకీ, ఆ గడప అవతలికీ వినబడేట్టు, దీర్ఘం బాగా తీసి పలికింది.

"తోడు. నా తోడమ్మా. పేరు సవరమ్మ, రాసుకోండి."

నర్సు రాసుకుంది. వేలిముద్రకి సిరా పెట్టె తెస్తానని వెళ్లింది. సవరమ్మ గడప దాటి వచ్చి, తన సంచి ప్రసూనమ్మ గారి మంచం కింద పెట్టింది.